సెకండ్ హ్యాండ్ ఆక్టావియా ఆర్ఎస్ 230: ఇద్దరు పిల్లలు, అమ్మ, స్ట్రోలర్ ఎక్కాక కూడా మజా మిగులుతుందా?

బండి స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ 230, అంటే ఆక్టావియాలో స్పోర్ట్స్ వెర్షన్, 2017 మోడల్, టీఎస్ రిజిస్ట్రేషన్, రేస్ బ్లూ కలర్, నేను మూడో ఓనర్ని. ఇంట్లో నేను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప, ఇంకా కూర్చోడం కూడా సరిగా రాని బాబు, నెలలో సగం రోజులు ఖమ్మం నుంచి వచ్చి మాతో ఉండే అమ్మ. ఉండేది మియాపూర్ సైడు. ఇదే మాకున్న ఒకే ఒక్క కారు, అంటే ఆదివారం పొద్దున్నే తీసి తుడిచి మళ్లీ కవర్ కప్పే బండి కాదు, స్కూలు, టీకాలు, డీమార్ట్, ఊరు అన్నీ దీంట్లోనే. రివ్యూ కూడా ఆ లెక్కలోనే చదవండి, జీరో టు హండ్రెడ్ ఎంత అనేది యూట్యూబ్‌లో బోలెడు మంది చెప్పారు.

ఒక్క ముక్కలో చెప్పాలంటే ఫ్యామిలీకి ఫన్ కారు కొనేటప్పుడు డ్రైవర్ సీట్లో కూర్చుని మొదలుపెట్టకూడదు, వెనక డోర్ తీసి మొదలుపెట్టాలి. ముందు సీట్లో కూర్చుంటే 200 హార్స్‌పవర్ దాటిన ప్రతి బండీ మనకి నచ్చేస్తుంది, అక్కడ ఫెయిలయ్యే బండే ఉండదు. వెనకే అసలు ఫిల్టర్ అంతా.

రెండోవాడు వస్తున్నాడు అనగానే ఇంట్లో అందరూ ఇన్నోవా అన్నారు. మావయ్యగారైతే ఫోన్ చేసినప్పుడల్లా అదే, "అల్లుడుగారూ, ఇన్నోవా తీసుకోండి, పదేళ్లు వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదు" అని. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు, అదే ఇబ్బంది. కానీ రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే ఆ గంటన్నర నాకు ఇంకెక్కడా దొరకని టైము, అది కాస్త సరదాగా ఉండాలని నా స్వార్థం, దాన్ని దాచుకోవట్లేదు. మా ఆవిడ పెట్టిన కండిషన్లు మూడే. చైల్డ్ సీట్లు రెండూ వెనకే పట్టాలి, డిక్కీలో స్ట్రోలర్ పట్టి ఇంకా చోటు మిగలాలి, ఎవరికీ వాంతులు కాకూడదు. ఈ మూడో కండిషన్ వల్లే సగం బండ్లు పోయాయి.

చూసినవాటిలో పోలో జీటీఐ ఒకటి, 192 హార్స్‌పవర్, చిన్న బండి, నడిపితే దిగబుద్ధి కాదు, కానీ మనకి అమ్మింది మూడు డోర్ల మోడల్. ముందు సీటు మడిచి, నడుం వంచి, నిద్రపోతున్న పిల్లాణ్ని వెనక సీట్లో పెట్టి బెల్టు బిగించడం ఒకసారి ఊహించుకోండి చాలు. బీఎండబ్ల్యూ 330ఐ, 2019 తర్వాతది, 258 హార్స్‌పవర్, వెనక చక్రాల డ్రైవ్, నిజం చెప్పాలంటే డ్రైవింగ్‌లో ఆర్ఎస్ కంటే ఓ మెట్టు పైనే. కానీ స్టెప్నీ టైరు డిక్కీలో నేల మీదే కూర్చుంటుంది, దానికి జాగా ఇచ్చాక మిగిలేదాంట్లో మా స్ట్రోలర్ పట్టలేదు, పైగా వారంటీ దాటిన బీఎండబ్ల్యూ అంటే బ్యాంకులో విడిగా ఓ ఖాతా ఉండాలి. ఎక్స్‌యూవీ700 పెట్రోల్ ఆటోమేటిక్ కూడా గట్టిగానే ఆలోచించా, 200 హార్స్‌పవర్, 380 న్యూటన్ మీటర్ల టార్క్, స్ట్రెయిట్‌గా అయితే తోసేస్తుంది, ఏడుగురు పడతారు, ఇంట్లో అందరూ ఓకే అనేవాళ్లే, కానీ మలుపుల్లో ఆ ఎత్తు వల్ల ఒరుగుతుంది, మా పాప కడుపు దానికి ఒప్పుకోలేదు. వోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ 1.5, 150 హార్స్‌పవర్, 521 లీటర్ల డిక్కీ, గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో 5 స్టార్లు, వారంటీ కూడా మిగిలున్న బండి దొరుకుతుంది. ఈ వర్టస్ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా, దాని గురించి కింద మళ్లీ చెప్తా.

ఇప్పుడు ఆర్ఎస్ 230. 2017 ఆగస్టులో లాంచ్ చేశారు, అప్పట్లో ఎక్స్‌షోరూం 24.62 లక్షలు. ముందు 300 బండ్లే అన్నారు, అవి అయిపోతే ఇంకో 200 ఇచ్చారు, మొత్తం దేశంలో 500. అంటే యూజ్డ్ మార్కెట్లో ఏ టైములో చూసినా చేతి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కనిపిస్తాయి, అందుకే ధర మామూలు ఆక్టావియాల్లా పడిపోలేదు, అమ్మేవాళ్లు కూడా తెగ బెట్టు చేస్తారు. 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 230 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్లు, 6 గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), వెనక మల్టీలింక్ సస్పెన్షన్. ఇక్కడ ఒకటి చాలామంది పట్టించుకోరు, మామూలు ఆక్టావియా 1.8 పెట్రోల్‌లో వచ్చే 7 గేర్ల డీఎస్‌జీ డ్రై క్లచ్ రకం, మన ట్రాఫిక్‌లో వేడెక్కి మెకట్రానిక్ యూనిట్, అంటే గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్ పోయిందన్న కంప్లైంట్లన్నీ దాని మీదే ఎక్కువ. ఆర్ఎస్‌లోది వెట్ క్లచ్, ఆయిల్లో మునిగి ఉంటుంది, కూకట్‌పల్లి ట్రాఫిక్‌కి అదే మేలు. రెండు బండ్లూ ఆక్టావియాలే, రెండు గేర్‌బాక్సులూ డీఎస్‌జీలే, కానీ సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడికి ఈ తేడా లక్ష రూపాయల పైమాటే.

చైల్డ్ సీటు సంగతి వివరంగా చెప్తా ఎందుకంటే దీని గురించి తెలుగులో ఎక్కడా రాసినట్టు కనపడలేదు. బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు మా రెండు సీట్లూ ఆటోలో వేసుకుని వెళ్లాం, ఓనర్ గారు వింతగా చూశారు, చూడనీ. వెనక సీట్లో అటూ ఇటూ కిటికీల పక్కన ఐసోఫిక్స్ ఉంటుంది, సీటూ దాని వీపూ కలిసే సందులో లోపలికి ఇనప కడ్డీలు. మా బాబుది వెనక్కి తిరిగి ఉండే సీటు. దాని కాళ్లు రెండూ ఆ సందులోకి తోస్తే అటొక టక్కు, ఇటొక టక్కు వినిపించి ఆకుపచ్చ గుర్తు బయటికి రావాలి. ఒకవైపు టక్కుమని రెండోవైపు రాకపోతే అది పట్టినట్టు కాదు, చేత్తో గట్టిగా లాగి చూడాలి. వెనక్కి తిరిగి ఉండే సీటు మామూలుగా చాలా చోటు తినేస్తుంది, ముందు ప్యాసింజర్ సీటుని డ్యాష్‌బోర్డ్ దాకా జరిపేస్తుంది. వర్టస్‌లో, 330ఐలో మా ఆవిడ మోకాళ్లు గ్లవ్‌బాక్స్‌కి దగ్గరపడ్డాయి, ఆవిడ అయిదడుగుల ఆరు. ఆర్ఎస్‌లో అదే సీటు పెట్టాక కూడా ముందు హాయిగా కాళ్లు చాపుకుంది. ఆ రోజు ఇంజిన్ ఇంకా స్టార్ట్ కూడా చెయ్యలేదు, మా ఆవిడ నావైపు చూసి తల ఊపింది, నాకు అక్కడే సగం డీల్ అయిపోయినట్టు అనిపించింది.

అయితే ఇద్దరు పిల్లల సీట్లూ పెట్టాక మధ్యలో అమ్మ కూర్చోవాలంటే? కష్టం. దాచేదేముంది. మధ్యలో నేల మీద గేర్ టన్నెల్ ఎత్తుగా ఉంటుంది, కాళ్లు దానికి అటొకటి ఇటొకటి వేసుకోవాలి, పైగా రెండు చైల్డ్ సీట్ల మధ్య మిగిలే వెడల్పు సన్నటి మనిషికే. అమ్మ వచ్చినప్పుడు అమ్మ ముందు, మా ఆవిడ వెనక మధ్యలో పిల్లల మధ్య, లేదా మా ఆవిడ నడుపుతుంటే నేను వెనక. బండి కిందకి ఉంటుంది కాబట్టి ఎక్కి దిగడం పెద్దవాళ్లకి ఇబ్బందే, "ఒరేయ్, దీంట్లోంచి లేవాలంటే చెయ్యి ఇవ్వాల్రా" అంటుంది అమ్మ ప్రతిసారీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు రోజూ ఎక్కే ఇల్లయితే ఈ బండి గురించి ఇంకోసారి ఆలోచించండి. ఇంకో విషయం, ముందు స్పోర్ట్ సీట్లకి హెడ్‌రెస్ట్ విడిగా ఉండదు, సీటులోనే కలిసి పెద్ద పలకలా పైకి వస్తుంది, వాటి వెనక కూర్చున్న పాపకి ముందు రోడ్డు అస్సలు కనపడదు. పాప సీటుని ఎత్తుగా ఉండే బూస్టర్‌కి మార్చాక పక్క కిటికీలోంచి చూడ్డం అలవాటైంది కానీ మొదట్లో "నాన్నా నాకేం కనపట్లేదు" అని గోల గోల.

డిక్కీ మాత్రం దీని అసలు టాలెంట్. చూడ్డానికి సెడాన్, వెనక డోర్ మాత్రం అద్దంతో సహా మొత్తం పైకి లేస్తుంది. 590 లీటర్లు, సీట్లు మడిస్తే 1580. మా స్ట్రోలర్ చక్రాలు విప్పకుండా అడ్డంగా పెడితే పక్కన రెండు పెద్ద సూట్‌కేసులు, పైన డైపర్ బ్యాగు. ఖమ్మం నుంచి తిరిగొచ్చేటప్పుడు 25 కిలోల బియ్యం బస్తా, ఎండుమిర్చి సంచి, పచ్చడి జాడీలు, అమ్మ పెట్టే మిగతా సామానంతా పట్టిద్ది. పనోరమాలు సన్‌రూఫ్‌లు మనకి చూపించి అమ్ముతారు గానీ చిన్నపిల్లలున్న ఇంటికి ఇలా మొత్తం తెరుచుకునే డిక్కీ కంటే పనికొచ్చే ఫీచర్ లేదని నా గట్టి నమ్మకం, ఓసారి వాన పడుతుంటే ఆ డోర్ కింద నిలబడి బాబు డైపర్ కూడా మార్చేశాం.

నడపడం గురించి. ఆ 350 న్యూటన్ మీటర్లు 1500 ఆర్పీఎం నుంచే వచ్చేస్తాయి, అంటే ఇంజిన్ని అరిపించనక్కర్లేదు, ఓఆర్ఆర్ మీద 80లో పోతూ కాలు కొద్దిగా నొక్కితే చాలు, గేర్ కిందకి దిగకుండానే లారీని దాటేస్తుంది, వెనక పిల్లలకి తెలీను కూడా తెలీదు. ఫ్యామిలీ కారులో పవర్ అంటే నాకు ఇదే, స్పీడోమీటర్లో అంకె కాదు, ఓవర్‌టేక్‌లో ఎదురు లేన్లో ఉండే టైము తగ్గడం. సూర్యాపేట నుంచి ఖమ్మం ఫోర్ లేన్ అయ్యాక ఆ అవసరం తగ్గింది గానీ ఇంకా లోపలి ఊళ్లకి వెళ్లే సింగిల్ రోడ్ల మీద ఇది నిజంగా ప్రాణాలు కాపాడే సంగతి. ఓఆర్ఆర్‌లో లిమిట్ 120, దీనికి 120 అంటే నిద్రమొహంతో చేసే పని, కెమెరాలు మాత్రం నిద్రపోవు.

అసలు మజా మలుపుల్లో. శ్రీశైలం వెళ్లేటప్పుడు మన్ననూరు చెక్‌పోస్ట్ దాటాక టైగర్ రిజర్వ్, అక్కడ తొందరపడకూడదు, పడనివ్వరు కూడా, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటే మూసేస్తారు. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపులున్నాయి చూశారా, అక్కడ స్టీరింగ్ ఎంత తిప్పితే ముక్కు అంతే తిరుగుతుంది, ఎక్కువా లేదు తక్కువా లేదు, ఒరగదు. ఒరగకపోవడం అనేదే పిల్లల కడుపుకి మందు. ఎక్స్‌యూవీ టెస్ట్ డ్రైవ్‌లో అనంతగిరి వైపు మెల్లగా వెళ్లినా మొహం మాడ్చుకుని కూర్చున్న పాప, దీంట్లో శ్రీశైలం దాకా రైమ్స్ పాడుకుంటూ వచ్చింది. గట్టి సస్పెన్షన్ అంటే ఫ్యామిలీకి పనికిరాదు అనే మాట నేను ఒప్పుకోను, గతుకుల్లో దడదడ ఉంటుంది నిజమే, కానీ ఊగకుండా ఒక్కసారి తగిలి ఆగిపోతుంది, ఆ ఊగడమే కదా వాంతులు తెచ్చేది. దీనికి తోడు మన వెర్షన్‌లో 17 అంగుళాల చక్రాలే ఇచ్చారు, 225/45 టైర్లు, కాస్త రబ్బరు మందం ఉంటుంది. అందం కోసం 18, 19 ఎక్కించిన బండ్లు అమ్మకానికి చాలా ఉన్నాయి, అవి ఎక్కితే మీ ఆవిడ మొదటి రోజే తిడుతుంది.

వాన పడ్డప్పుడు సిగ్నల్ దగ్గర కాలు గట్టిగా నొక్కితే ముందు చక్రాలు గిర్రున తిరుగుతాయి, స్టీరింగ్ చేతిలో కొంచెం లాగుతుంది, ముందు చక్రాల డ్రైవ్‌కి ఇంత టార్క్ ఇస్తే అంతే. ఆర్ఎస్ మోడ్ పెడితే సౌండ్ గట్టిపడుతుంది, కొంత ఇంజిన్‌ది కొంత లోపల పెట్టిన సౌండ్ యాక్చుయేటర్‌ది. బాబు నిద్రపోతే నార్మల్ మోడ్, దింపేసి ఒక్కణ్నే ఆఫీసుకి పోయేటప్పుడు ఆర్ఎస్ మోడ్. బయట సైలెన్సర్ మార్చి డమ డమ పేలే సౌండ్ పెట్టించిన బండి ఒకటి చూశాం, ఓనర్ గర్వంగా స్టార్ట్ చేశాడు, చంకలో ఉన్న బాబు కెవ్వుమన్నాడు, ఇంటర్వ్యూ అయిపోయింది.

పెద్ద మైనస్ ఎత్తు. మన కాలనీల్లో స్పీడ్ బ్రేకర్లు ఎవడి ఇష్టమొచ్చినట్టు వాడు పోసుకుంటాడు కదా, అయిదుగురు ఎక్కి డిక్కీ నిండా సామాను ఉంటే కింద తగలడం ఖాయం. ఏటవాలుగా ఎక్కించాలి, ఒక చక్రం తర్వాత ఇంకో చక్రం, వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు దగ్గర కూడా ఓసారి చూసుకోండి, కొనకముందే. బండి తెచ్చాక ర్యాంపు బద్దలు కొట్టించలేం, అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోరు. కింద మెటల్ గార్డ్ వేయించుకున్న బండైతే మంచిదే, అది లేకపోతే లిఫ్ట్ మీద పైకెత్తించి ఆయిల్ సంప్ (ఇంజిన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) కింద గీతలు ఎంత లోతున్నాయో చూడాలి, ఆ గీతలే చెప్తాయి ఇంతకుముందు ఓనర్ బండిని ఎలా వాడాడో.

ఇక వయసు మీద పడ్డ ఆర్ఎస్‌లో ఏం చూడాలి అనేది. ఈ రకం ఇంజిన్లకి ప్రపంచమంతా తెలిసిన జబ్బు ఒకటుంది, థర్మోస్టాట్, వాటర్ పంప్ కలిసి ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ కొన్నేళ్లకి వేడికి అలిసి సన్నగా కూలెంట్ కారుస్తుంది. అది ఉండేది ఇంటేక్ మ్యానిఫోల్డ్ కింద, పైనుంచి కనపడదు. బండి చల్లగా ఉన్నప్పుడు వెళ్లి కూలెంట్ డబ్బాలో లెవెల్ చూడండి, పింక్ రంగు మరకలు ఎండిపోయి ఉన్నాయేమో టార్చి వేసి చూడండి, డ్రైవ్ చేసి వచ్చాక తియ్యటి వాసన వస్తుందేమో చూడండి. "టాపప్ చేస్తే చాలు సార్" అంటే ఆ టాపప్ ఖరీదు ధరలోంచి తీసేయించండి. గేర్‌బాక్స్‌కి ప్రతి 60 వేల కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి, బిల్లు చూపించమనండి, బిల్లు లేకపోతే మార్చనట్టే లెక్క. స్లో ట్రాఫిక్‌లో ఫస్ట్ నుంచి సెకండ్‌కి, మళ్లీ సెకండ్ నుంచి ఫస్ట్‌కి దిగేటప్పుడు కుదుపు ఉందా, రివర్స్‌లో ర్యాంప్ ఎక్కేటప్పుడు వణుకు ఉందా, ఇవి రెండూ ఓఆర్ఆర్ మీద టెస్ట్ డ్రైవ్ చేస్తే తెలీవు, నిజాంపేట రోడ్డులో సాయంత్రం ఏడింటికి చెయ్యాలి.

స్టేజ్ వన్ చేసిన బండ్ల గురించి నా మాట కొందరికి నచ్చదు. సాఫ్ట్‌వేర్ మారిస్తే ఈ ఇంజిన్ 300 హార్స్‌పవర్ దాకా ఇస్తుంది, నిజమే, సరదాగానే ఉంటుంది. కానీ ఈ 6 గేర్ల డీఎస్‌జీకి కంపెనీ పెట్టిన లెక్కే 350 న్యూటన్ మీటర్లు, ఆర్ఎస్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడే ఆ గీత మీద నిలబడి ఉంది. దాని మీద ఇంకో వంద వేసి నాలుగేళ్లు తోలి, మళ్లీ స్టాక్, అంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కించి "ఫుల్లీ స్టాక్ బ్రో" అని అమ్మేవాళ్లున్నారు. సొంతంగా మీరు చేయించుకుంటే అది మీ ఇష్టం, ఇంకొకడు చేసి వాడుకున్నది ఫ్యామిలీ కోసం కొనడం మాత్రం ఎంగిలి విస్తరి ముందు కూర్చోవడమే. స్కానర్ పట్టుకున్న మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి, ఫాల్ట్ కోడ్‌లే కాదు, ఇంజిన్ కంప్యూటర్‌ని ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో కూడా దాంట్లో చూడొచ్చు. క్లచ్‌ల వేర్ గురించి కూడా అతనే చెప్తాడు.

మీటర్ సంగతి. సిటీలో ఓ యూజ్డ్ కార్ల డీలర్ దగ్గర తెల్ల ఆర్ఎస్ ఒకటి నిలబెట్టారు, అద్దంలా మెరుస్తోంది, మీటర్ మీద 38 వేల చిల్లర. స్టీరింగ్ తోలు మాత్రం తొమ్మిది, మూడు గంటల దగ్గర నున్నగా అరిగిపోయి మెరుపొచ్చేసింది, డ్రైవర్ సీటు పక్క దిండు నలిగిపోయింది, 38 వేలకి అలా అరగదు. సర్వీస్ హిస్టరీ తీయించమంటే రేపు మాపు అన్నారు, నంబర్ పట్టుకుని నేనే విడిగా తీయిస్తే రెండేళ్ల కిందటి ఎంట్రీలోనే 61 వేలు. అదే కాగితం తీసుకెళ్లి చూపిస్తే సేల్స్ కుర్రాడు "సర్వర్ మిస్టేక్ సార్" అన్నాడు. సర్వర్ కూడా పాపం, అన్నిటికీ అదే దొరుకుతుంది. అక్కడ గొడవపడి లాభం లేదు, వచ్చేశాం.

ఇంకో భయం నీళ్లలో మునిగిన బండ్లు. హైదరాబాద్‌లో 2020 అక్టోబర్ వానలు, చెన్నైలో 2023 డిసెంబర్, విజయవాడలో 2024 సెప్టెంబర్ బుడమేరు, ఈ మూడు చోట్లా ఎన్ని మంచి కార్లు సెల్లార్లలో మునిగాయో మనందరం చూశాం, అవన్నీ తుక్కుకి పోలేదు. చైల్డ్ సీటు బిగించే నెపంతో వెనక సీటు బెల్టుని చివరిదాకా లాగండి, మామూలుగా బయటికి రాని ఆ ఆఖరి మూర మీద మట్టి గీత ఉంటే చెప్పనక్కర్లేదు. డిక్కీ కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంటలో తుప్పు, సీటు రైలు స్క్రూల మీద తుప్పు, ఏసీ వేస్తే మొదటి నిమిషం వాసన. కార్లో ఇంత ఘాటు పెర్ఫ్యూమ్ ఎందుకు పెట్టారా అని డౌట్ వస్తే ఆ డౌట్ కరెక్టే.

చివరికి మాకు దొరికింది ఓ డాక్టర్ గారి బండి, రెండో ఓనర్, అన్నీ స్టాక్, సర్వీస్ బిల్లులన్నీ ఓ ఫైల్లో తారీఖుల వారీగా. ధర మీద పైసా తగ్గలేదు ఆయన, అడగడం కూడా రెండోసారి సిగ్గేసింది, ఆ ఫైలుకే ఇచ్చాం అనుకున్నాం.

ఖర్చులు: సిటీలో లీటరుకి 8, 9 కిలోమీటర్లు ఇస్తుంది, ఒక్కోసారి 7, హైవే మీద పద్ధతిగా పోతే 13, 14. ట్యాంకు 50 లీటర్లు. 2017 బండి, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ కోసం తయారుచేసింది కాదు, ఇప్పుడు బంకుల్లో అదే దొరుకుతోంది, నేను 95 ఆక్టేన్ కొట్టిస్తున్నా, టర్బో ఇంజిన్‌కి ఆక్టేన్ కోసం, ఇథనాల్ పోతుందని కాదు, దాంట్లోనూ ఉంటుంది. ఇంజిన్, గేర్‌బాక్స్ సామాన్లు దొరకవేమో అనే భయం అక్కర్లేదు, ఈ 2 లీటర్ల ఇంజిన్ కుటుంబమే సూపర్బ్, కొడియాక్, టిగువాన్, ఆడీల్లో కూడా ఉంది, బయట మంచి షెడ్లకి కూడా చేయి తిరిగిన పని. భయపడాల్సింది బంపర్లు, లైట్ల గురించి. దేశంలో 500 బండ్లకి మాత్రమే ఉన్న బంపర్ విరిగితే వెయిటింగే, అందుకే పార్కింగ్‌లో ముక్కుని గోడ వైపు పెట్టకుండా వెనక్కి పెడుతున్నా, జీరో డెప్ (పార్టుల అరుగుదల కోత లేని) ఇన్సూరెన్స్ ఇస్తారేమో అడగండి, బండి వయసుని బట్టి కొందరు ఇవ్వరు.

ఆర్ఎస్ 245 సంగతి అడుగుతారు. 2020లో 200 బండ్లు, పూర్తిగా ఇంపోర్ట్ చేసినవి, 36 లక్షలకి ఓ వెయ్యి తక్కువ, 245 హార్స్‌పవర్, 7 గేర్ల వెట్ క్లచ్ డీఎస్‌జీ, ముందు ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్, వానలో చక్రాలు తిరగడం చాలా తగ్గుతుంది. నడపడానికి అదే మెరుగు. కానీ 18 అంగుళాల చక్రాలు, అదే డిక్కీ, అదే వెనక సీటు, వెనక కూర్చునేవాళ్లకి ఆ తేడా డబ్బుల్లో ఒక్క రూపాయి కూడా కనపడదు. 2025 అక్టోబర్లో వచ్చిన కొత్త ఆర్ఎస్ 265 హార్స్‌పవర్, 49.99 లక్షలు, వంద బండ్లే, అవీ అమ్ముడైపోయాయి, దాని గురించి 2030 తర్వాత మాట్లాడుకుందాం.

వర్టస్ జీటీ దగ్గర ఆగానన్నా కదా. ఇంట్లో ఇదొక్కటే కారు, బండి షెడ్డుకి వెళ్తే క్యాబ్‌లో చైల్డ్ సీట్లు బిగించుకునే ఓపిక లేదు, కింద ఒక్క సౌండ్ వచ్చినా రాత్రి నిద్ర పట్టదు అనే రకం అయితే వారంటీ ఉన్న వర్టస్ జీటీ డీఎస్‌జీ తీసుకోండి. 1.5 లీటర్ల ఆ ఇంజిన్ కూడా నవ్విస్తుంది, ఎత్తు కూడా మన రోడ్లకి సరిపోద్ది, కాకపోతే దాని డీఎస్‌జీ డ్రై క్లచ్చే అని గుర్తుపెట్టుకోండి. మా ఇంటి దగ్గర మెట్రో ఉంది, నమ్మకమైన షెడ్డు ఉంది, మా ఆవిడకి కూడా ఈ బండి నడపడం పిచ్చి ఇష్టం, అందుకని నేను ఇటు దూకా.

కాగితాల గురించి ఒక్కటి చెప్పి ఆపేస్తా ఎందుకంటే ఆర్ఎస్‌లు తక్కువ కాబట్టి చాలామంది బెంగళూరు, పుణె, కొచ్చి దాకా వెళ్లి కొంటున్నారు. పక్క రాష్ట్రం బండైతే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ అంటే ఫారం 28, ఇక్కడికొచ్చాక మళ్లీ లైఫ్ ట్యాక్స్, ఆ ట్యాక్స్ ముందే లెక్కేసి బేరం ఆడండి, లేకపోతే అక్కడ చౌకగా దొరికిందన్న సంతోషం ఇక్కడ ఖైరతాబాద్‌లో ఆవిరైపోద్ది. లోన్ ఉన్న బండైతే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతిలో పడ్డాకే మిగతా డబ్బులు. పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని పెండింగ్ చలాన్లు అమ్మేవాళ్ల చేతే కట్టించండి, ఈ బండ్ల మీద ఓవర్ స్పీడ్ చలాన్లు లేకపోతే ఆశ్చర్యపోవాలి. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి 14 రోజుల్లోపు అప్లై చెయ్యాలి, పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మనకి రాదు, ఆయనతోనే పోతుంది, ఆ తేడా మనమే కట్టాలి. డాక్టర్ గారి బండి మీద రెండు చలాన్లు ఉన్నాయి, రెండూ ఓఆర్ఆర్‌వే, ఆయన నవ్వి అక్కడికక్కడే ఫోన్లో కట్టేసి తాళాలు పాప చేతికిచ్చారు.